తొంభై ఏడు దాకా చూసినవాడు

బస్సు డిపోలో అతన్ని శేషం గారనేవాళ్ళు. కొత్తగా చేరినవాళ్ళు అది తల్లిదండ్రులు పెట్టిన పేరే అనుకొని భక్తిగా పిలిచేవాళ్ళు. పాతవాళ్ళు నవ్వు బిగబట్టుకొని పిలిచేవాళ్ళు. ఎవరి నోట ఏ అంకె వెలువడినా దాన్ని ఏడుతోనో పదమూడుతోనో భాగించి, "శేషం మూడు" అనో, "శేషం లేదు, నిశ్శేషం" అనో తీర్పు చెప్పడం అతని అలవాటు. ఆ తీర్పు సాధారణంగా ఎవరూ అడిగేవారు కాదు. అడక్కుండా ఇస్తున్నాడు కాబట్టే దానికి అంత విలువ ఉందని అతని నమ్మకం.

ఉద్యోగరీత్యా అతను కిలోమీటర్ల గుమాస్తా. ఏ డ్రైవరు ఏ పూట ఎన్ని కిలోమీటర్లు నడిపాడో రాసుకొని, నెలాఖరుకి కూడి, పైవాళ్ళకి పంపాలి. టైర్ల షెడ్డుకీ బస్సులు కడిగే రేవుకీ మధ్య ఇరికించిన గదిలో అతని బల్ల. కిటికీ తెరిస్తే డీజిలు వాసన, మూస్తే రబ్బరు వాసన. గణితంలో పట్టా పుచ్చుకున్న మనిషి. ఆ పట్టాకి డిపోలో కూడికలు తప్ప వేరే పని దొరకలేదు. అందుకని మిగిలిన గణితాన్ని అతను క్యాంటీన్లో ఖర్చుపెట్టేవాడు. ఎవరైనా కొత్త ఫోను నంబరు తీసుకుంటే డాక్టరు ముందు చెయ్యి చాపినట్టు వచ్చి చెప్పేవాళ్ళు. శేషం కళ్ళు మూసుకొని నాడి చూసేవాడు. "తొమ్మిదితో పోతోందండీ. మెత్తటి నంబరు. అందరికీ లొంగుతుంది." ఆ నంబరు గల కండక్టరు ఆ వారమంతా భార్యకి ఎదురుచెప్పి చూశాడని, లాభం లేకపోయిందని వినికిడి.

డిపోలో అందరికంటే పాత డ్రైవరు పెద్దన్న. అసలు పేరు జీతం కాగితాల మీద ఉండేది. నోళ్ళలో మాత్రం పెద్దన్నే. అతని సర్వీసులో బండికి ఒక గీత పడలేదు, మనిషికి ఒక దెబ్బ తగల్లేదు. పదవీ విరమణ దగ్గరపడేసరికి అతను నడిపిన దూరం పది లక్షల కిలోమీటర్లకి చేరబోతోందని శేషమే తేల్చాడు. డిపోలో అంతవరకు ప్రమాదం లేకుండా అంత దూరం వెళ్ళినవాడు లేడు. సన్మానం చేద్దామన్నారు.

"శేషం, నువ్వు చెప్పు," అన్నాడు పెద్దన్న ఒక మధ్యాహ్నం క్యాంటీన్లో, టీ గ్లాసు రెండు చేతుల మధ్యా తిప్పుకుంటూ. "పది లక్షలు మంచి అంకేనా?"

"మంచిదే పెద్దన్నా. కానీ కాస్త చవక."

"చవకేంటి తమ్ముడూ! ఇన్నేళ్ళ నడుం నొప్పి."

"నీ నడుం సంగతి కాదు, అంకె సంగతి. ఆరు రెళ్ళూ ఆరు అయిదులూ గుణించుకుంటూ పోతే పది లక్షలొచ్చేస్తుంది. పైకి చూస్తే ఏడంకెల మనిషి. విప్పి చూస్తే రెండు, అయిదు తప్ప లోపల ఏమీ లేదు."

పెద్దన్న ముఖం గాలి తీసేసిన టైరులా అయింది. చుట్టూ ఉన్నవాళ్ళు శేషాన్ని కోపంగా చూశారు. ఆ చూపులకి తట్టుకోలేక అతను తొందరపడ్డాడు.

"అదే, ఇంకొక్క కిలోమీటరు నడిపితే..."

"నడిపితే?"

"పది లక్షల ఒకటి. అది వేరే జాతి సంఖ్యలా ఉంది. చూసి రేపు చెప్తాను."

ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగింపబడని దాన్ని ప్రధాన సంఖ్య అంటారన్న సంగతి చాలామంది బడితోపాటే వదిలేస్తారు. శేషం వదల్లేదు. ఇంటికెళ్ళి భోజనాల బల్ల మీద వాడేసిన కాగితాల వెనకవైపు మొదలుపెట్టాడు. మూడుతో భాగిస్తే రెండు మిగిలింది. ఏడుతో రెండు. పదకొండుతో రెండు. పదమూడుతోనూ రెండే. వరసగా రెండే మిగులుతుంటే అతనికి ఒళ్ళు జలదరించింది.

ముక్కలయ్యే సంఖ్యే అయితే ఒక ముక్కైనా వెయ్యి లోపు దొరికి తీరాలని అతనికి తెలుసు. అంటే వెయ్యి లోపున్న ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించి చూడాలి. అవి నూట అరవై ఎనిమిది. ఈ సంగతి తెలియని అమాయకుడైతే అతన్ని క్షమించేయొచ్చు. అతను తెలిసినవాడు. తెలిసినవాడు తొంభై ఏడు దాకా వచ్చాడు. దాంతో భాగిస్తే ఇరవై ఎనిమిది మిగిలింది. అప్పటికి ఇరవై అయిదు సంఖ్యలయ్యాయి.

"ఏమండీ, భోజనం చల్లారిపోతోంది," అంది భార్య.

ఆ తర్వాతవి మూడంకెల భాగహారాలు. రెండంకెల వాటికి లొంగనిది మూడంకెల వాటికి లొంగుతుందా అనుకున్నాడు. మిగతావీ అంతే అనుకున్నాడు. కలానికి మూత పెట్టాడు.

మర్నాడు పెద్దన్న శేషం గది కిటికీ దగ్గరికే వచ్చి నిలబడ్డాడు.

"చూశావా?"

"చూశాను పెద్దన్నా. దేనితోనూ పోదు. ప్రధాన సంఖ్య."

"అన్నిటితోనూ చూశావా?"

"అన్నీ చూశాను."

ఆ 'అన్నీ' అన్న మాట అతని నోట్లోంచి ఎంత సాఫీగా వచ్చిందంటే, గ్రీజు పెట్టిన తలుపు కూడా అంత సాఫీగా తెరుచుకోదు.

"అంటే ఎవడు ఎన్ని ముక్కలు చేద్దామన్నా కుదరదన్నమాట."

"కుదరదు."

పెద్దన్న కిటికీ ఊచ పట్టుకొని టైర్ల షెడ్డు వైపు చూస్తూ ఉండిపోయాడు. "నా డ్యూటీ ఎప్పుడూ రెండు ముక్కలే తమ్ముడూ," అన్నాడు చివరికి. "పొద్దున సగం, సాయంత్రం సగం. మధ్యలో ఇంటికెళ్తే నిద్రా కాదు మెలకువా కాదు. 'మీతో కాపరం సగం మనిషితో చేసినట్టుంది' అంటుంది మీ వదిన. పోన్లే, చివరికి ముక్కలు కానిది ఒకటి దొరికింది."

అక్కణ్ణించి ఆ సంఖ్య దశ తిరిగింది. పెద్దన్న దాన్ని సిగ్నళ్ళ దగ్గర కండక్టర్లకి చెప్పాడు, బంకులో చెప్పాడు, ముందు సీట్లో కూచున్న ప్రయాణికులకి చెప్పాడు. మేనేజరు గారి చెవిన కూడా పడింది. గణితంతో ఆయనకి ఎక్కువ పరిచయం లేదు, భాషతో ఉంది. "ప్రధాన సంఖ్యా! అంటే ముఖ్యమైన సంఖ్యన్నమాట. మన డిపోకి ముఖ్యమైన సంఖ్య రావడమంటే పైవాళ్ళు కూడా గమనిస్తారు," అన్నారు. శేషం సరిదిద్దలేదు. బోర్డు రాసే పెయింటరు ఇంకొక అడుగు ముందుకేసి '10,00,001: ప్రధాని సంఖ్య' అని రాసుకొచ్చాడు. మేనేజరు గారికి అది మరీ నచ్చింది. అయిష్టంగానే 'ని' మీది గుడి తీయించారు.

ఏర్పాటు ఇది. పెద్దన్న చివరి వారం డ్యూటీలని శేషం అగ్గిపుల్లలు పేర్చినట్టు పేర్చి, ఆఖరి ట్రిప్పు డిపో గేటు దగ్గర సరిగ్గా పది లక్షలకి ముగిసేలా చూస్తాడు. అక్కడ అందరూ బస్సెక్కుతారు. గేటు నుంచి పెట్రోలు బంకు అర కిలోమీటరు. వెళ్ళి తిరిగొస్తే ఒకటి. ఆ ఒకటితో చరిత్ర పూర్తవుతుంది.

"శేషం గారూ, ఆ రోజు ఆ సంఖ్య గురించి మీరే రెండు ముక్కలు చెప్పాలి," అన్నారు మేనేజరు గారు.

రెండు ముక్కలు రాసుకుందామని అతను మళ్ళీ భోజనాల బల్ల ముందు కూచున్నాడు. 'వెయ్యి లోపున్న నూట అరవై ఎనిమిది ప్రధాన సంఖ్యలతోనూ పరీక్షించిన మీదట' అని మొదలుపెట్టాడు. వాక్యం బాగా వచ్చింది. మళ్ళీ చదువుకుంటూ 'పరీక్షించిన' దగ్గర ఆగాడు. పోనీ, మర్యాద కోసం ఇంకొకటి చూద్దామనుకున్నాడు. తొంభై ఏడు తర్వాతది నూట ఒకటి.

భాగించాడు. ఏమీ మిగల్లేదు.

ఎక్కడో అంకె జారిందనుకొని మళ్ళీ భాగించాడు. మిగల్లేదు. వెనక నుంచి గుణించాడు. నూట ఒకటిని తొమ్మిదివేల తొమ్మిదివందల ఒకటితో గుణిస్తే పది లక్షల ఒకటి, వంకలేకుండా వచ్చి కూచుంది. మేనేజరు గారడిగిన రెండు ముక్కలు ఇవే.

అతనికి తల కొట్టేసినట్టయింది. ఎక్కడో ఏడువందల దగ్గరో ఎనిమిదివందల దగ్గరో తప్పి ఉంటే, తప్పుని దారి పొడుగు మీదికి నెట్టేసేవాడు. ఆగిన చోటికి తర్వాతి మెట్టు మీదే కూచుని ఉంది అది. ఇంకొక్క భాగహారం. కూర చల్లారేంత సేపు కూడా పట్టదు.

భార్య వచ్చి అతని ముఖం చూసి, కాగితం చూసింది. అతను చెప్పాడు.

"నూట ఒకటా? ఆ పక్కనే ఉన్నదా?"

"పక్కనే."

"అంతదాకా వెళ్ళినవారు దాన్నీ పలకరించి రావలసింది కదండీ."

"నువ్వే భోజనానికి పిలిచావు."

"ఓహో. తప్పు నా వంటదన్నమాట." ఆవిడ ఎదురు కుర్చీ లాక్కుంది. "వెళ్ళి ఆ పెద్దమనిషికి చెప్పేయండి. ఇవాళ చెప్తే ఒక్క మాటతో పోతుంది. ఆగితే అదే పెద్ద కథవుతుంది."

"రేపు చెప్తాను."

మర్నాడు వెళ్ళే అవసరం లేకుండా పెద్దన్నే ఇంటికి వచ్చాడు. నూనె రాసి దువ్వుకున్న జుట్టు, ఇస్త్రీ చొక్కా. కుర్చీ అంచున కూచున్నాడు, స్టీరింగు ముందు తప్ప మరెక్కడా పూర్తిగా కూచోవడం అలవాటు లేనట్టు.

"మీ వదిన అడిగింది, శేషం. ముక్కలు కాదని ఎవరన్నారు, ఎలా తెలుసు అని. 'శేషం చూశాడు' అన్నాను. 'ఎలా చూశాడు' అంది. నాకు చెప్పడం రాలేదు. సన్మానం రోజు నేనే నా నోటితో చెప్పాలని ఉంది. కాస్త నేర్పు."

ఇదీ సమయం. గదిలో మూడో మనిషి లేడు. భార్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది, ఆవిడ కళ్ళు 'చెప్పండి' అంటున్నాయి. శేషం నోరు తెరిచాడు. పెద్దన్న అప్పటికే జేబులోంచి పెన్సిలు తీసి, గేరు రాడ్డు పట్టుకున్నట్టు పిడికిలితో పట్టుకున్నాడు.

"ముందు ఏడుతో చూద్దాం," అన్నాడు శేషం.

పెద్దన్న ఏడుతో భాగించాడు. మలుపులో బస్సు తిప్పినంత నిదానంగా, వెనకా ముందూ చూసుకుంటూ. రెండు మిగిలింది. "వచ్చింది!" అని పిల్లాడిలా నవ్వాడు. పదకొండు కూడా తనే చేశాడు. మిగతావి శేషం గబగబా చేసి చూపించాడు. యాభై మూడు, అరవై ఏడు, ఎనభై తొమ్మిది. తొంభై ఏడుకి వచ్చి అతను కలం ఆపాడు.

"తర్వాత?" అన్నాడు పెద్దన్న.

"తర్వాతవీ అంతే."

అన్నాక అతను కాగితం వంక చూశాడు, గోడ వంక చూశాడు, పెద్దన్న చెప్పుల వంక చూశాడు. పెద్దన్న ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో జాగ్రత్త చేసుకున్నాడు.

"ఎంత ఓపిక తమ్ముడూ నీకు! నా కోసం ఒక్కొక్కటీ కూచొని చూశావు. మా సొంతవాళ్ళు కూడా చెయ్యరు."

వంటింట్లో ఒక గిన్నె అవసరమైన దానికంటే గట్టిగా చప్పుడయింది. పెద్దన్న వెళ్ళాక రెండు రోజులపాటు ఆవిడ అతనికి కావలసినవి బల్ల మీద పెట్టి పక్కకి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే అతనికి హాయిగా ఉండేది.

సిగ్గు మనిషిని ఏదో ఒక పనికి పురిగొల్పుతుంది. ఆ పని ఎప్పుడూ సరైనదే అయి ఉండాలని ఏమీ లేదు. శేషం ముందు సరైనది చేశాడు. పది లక్షల రెండు సరిసంఖ్య, పనికిరాదు. పది లక్షల మూడు పట్టుకున్నాడు. ఈసారి రెండు దగ్గర మొదలుపెట్టి ఒక్కటీ వదల్లేదు. నూట ఒకటితో రెండు మిగిలినప్పుడు అతని కళ్ళు చెమర్చాయి. చివరిదైన తొమ్మిదివందల తొంభై ఏడుతో పన్నెండు మిగిలింది. పది లక్షల మూడు నిజంగా ఎవరికీ లొంగని సంఖ్య. అంటే సన్మానం రోజు ఒకటి బదులు మూడు కిలోమీటర్లు నడిపిస్తే చాలు, పెద్దన్న కోరుకున్నది పెద్దన్నకి దక్కుతుంది.

ఇక్కడిదాకా మనిషే. ఇక్కణ్ణించి గుమాస్తా అయ్యాడు. తన తప్పు బయటపడకుండా ఆ అదనపు రెండూ ఎలా నడిపించాలా అని ఆలోచించి, మేనేజరు గారి గదిలోకి వెళ్ళాడు.

"సార్, పెద్దన్న కిలోమీటర్లలో చిన్న తేడా ఉన్నట్టుంది. రెండు తక్కువ పడుతున్నాయి. ఆ రోజు ఇంకో రెండు నడిపిస్తే..."

మేనేజరు గారు కళ్ళజోడు తీశారు. "తేడానా? రెండు తేడా ఉన్నచోట రెండు వేలు ఉండదని నమ్మకమేమిటండీ? పైవాళ్ళని పిలిచాను. లెక్కంతా మళ్ళీ తేలేదాకా సన్మానం ఆపేద్దాం. బోర్డు మీద 'దాదాపు పది లక్షలు' అని రాయిస్తామా ఏమిటి?"

పెద్దన్న పది లక్షలకి ముందు 'దాదాపు' అన్న మాట గాల్లో వేలాడుతుంటే శేషానికి తను చేస్తున్నదేమిటో అప్పుడు కనబడింది. తన ఒక్క భాగహారాన్ని దాచుకోవడానికి అవతలి మనిషి జన్మంతా నడిపిన దూరం మీద మసి పూయబోయాడు.

"లేదు సార్. లెక్క సరిగ్గానే ఉంది. నేనే పొరబడ్డాను."

"మీరు పొరబడ్డమేమిటి, శేషం గారూ!" అని మేనేజరు గారు హాయిగా నవ్వారు. ఆ నవ్వు అతనికి గది దాటాక కూడా వినిపించింది.

సన్మానం రోజు పెద్దన్న బస్సు చెప్పిన వేళకి గేటు దగ్గర ఆగింది. పది లక్షలు. గ్యారేజీ వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. మేనేజరు గారూ, పైనుంచి వచ్చిన ఇద్దరూ, కండక్టర్లూ ఎక్కారు. పెద్దన్న చొక్కా జేబులో నాలుగు మడతల కాగితం ఉబ్బెత్తుగా కనిపిస్తోంది. శేషం ఆఖరున ఎక్కి, జనాన్ని తోసుకుంటూ ముందుకి వెళ్ళి, 'నడుస్తున్న బస్సులో డ్రైవరుతో మాట్లాడరాదు' అని రాసి ఉన్న చోట నిలబడ్డాడు.

బంకు దాకా ఆ హెచ్చరికే మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు. బస్సు మలుపు తిరుగుతుంటే వంగి చెవి దగ్గర అన్నాడు.

"పెద్దన్నా, అది ముక్కలవుతుంది."

"ఏది?"

"నీ సంఖ్య. నూట ఒకటితో పోతుంది. నేను తొంభై ఏడు దాకానే చూశాను. అన్నీ చూశానని అబద్ధం చెప్పాను."

పెద్దన్న రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. స్టీరింగు నిటారుగా తెచ్చాడు, గేరు మార్చాడు. ఒక సైకిలుకి దారిచ్చాడు.

"ఎప్పుడు తెలిసింది?"

శేషం భయపడిన ప్రశ్న ఇదే. తప్పు చేయడానికి ఒక పేరుంది, పొరపాటు అంటారు. తెలిసీ దాచడానికి అలాంటి మర్యాదైన పేరు లేదు.

"నువ్వు మా ఇంటికి వచ్చే ముందు రోజు."

పెద్దన్న వేగం తగ్గించాడు. గేటు కనిపిస్తోంది.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"ఇంకో రెండు నడిపితే పది లక్షల మూడు. అది ముక్కలవదు."

"నాకు చెప్పావు. వాళ్ళకి ఎవరు చెప్తారు?"

గేటు దగ్గర చప్పట్లు మొదలయ్యాయి. బస్సు లోపలికి తిరగాల్సింది, తిరగలేదు. పెద్దన్న గేటు ముందే ఆపి, ఇంజను ఆపకుండా, అద్దంలోంచి వెనక్కి చూస్తూ కూచున్నాడు. బస్సులో అందరూ శేషం వంక చూశారు, రెండు ముక్కలు మాట్లాడతాడని. అతను మాట్లాడాడు. తాను చూడకుండానే చూశానన్నానని, సంఖ్య ప్రధానం కాదని, ఇంకో రెండు కిలోమీటర్లు కావాలని. రాసుకున్న వాక్యాలేవీ అక్కరకి రాలేదు.

మేనేజరు గారు పైవాళ్ళ వైపు చూశారు. పైవాళ్ళు గేటుకి కట్టిన బోర్డు వైపు చూశారు.

"అంటే ముఖ్యమైన సంఖ్య కాదా?" అన్నారు మేనేజరు గారు నీరసంగా.

"కాదు సార్."

వెనక సీటులోంచి ఒక గొంతు లేచింది. "శేషం గారూ, ఆ రెండూ అయ్యాక మళ్ళీ ఇంకో రెండు అనరు కదా! ఇంటికి కూరలు తీసుకెళ్ళాలి."

బస్సు బస్సంతా నవ్వింది. మెత్తటి నంబరు గల కండక్టరు అందరికంటే గట్టిగా నవ్వాడు. "నా నంబరు కూడా సగమే చూశారేమో, మళ్ళీ చూడండి సార్!" ఎవరూ కోప్పడలేదు. కోప్పడేంత గౌరవం కూడా అప్పటికి మిగల్లేదని శేషానికి అర్థమైంది. చెవులు కాలిపోతుంటే కడ్డీ పట్టుకొని నిలబడ్డాడు.

పెద్దన్న బస్సు తిప్పాడు. బంకు దాకా వెళ్ళి వచ్చాడు. గేటు దగ్గర గ్యారేజీ వాళ్ళు మళ్ళీ చప్పట్లు కొట్టారు. బస్సు మళ్ళీ తిరిగి వెళ్ళింది. ఈసారి వచ్చేసరికి వాళ్ళు చేతులు కట్టుకొని, ఇది ఎప్పుడాగుతుందోనని చూస్తున్నారు. ఆగింది.

లోపల ఆవరణలో మేనేజరు గారు జ్ఞాపిక ఇచ్చారు. దాని మీద 10,00,001 అనే ఉంది. చెక్కినదాన్ని ఎవరేం చేస్తారు. పెద్దన్నని మాట్లాడమన్నారు. అతను లేచి, చెయ్యి అలవాటుగా చొక్కా జేబు దాకా తీసుకెళ్ళి, తీసేశాడు. "నాకు మాటలు రావు. అందరికీ నమస్కారం," అని కూచున్నాడు. చాలా బాగుందని చప్పట్లు కొట్టారు. అద్దం ముందు నిలబడి అతను వల్లెవేసుకున్న మాటలు ఎన్నో, ఏమిటో, ఆ చప్పట్లలో శేషానికొక్కడికే లెక్క అందింది.

జనం చెదిరాక శేషం ఖాళీ బస్సు మెట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. పెద్దన్న తన నీళ్ళ సీసా కోసం వచ్చాడు.

"పెద్దన్నా, నన్ను..."

"మా ఇంటికి రా."

"ఇప్పుడా?"

"భోజనానికి పిలవట్లేదు. మీ వదినకి నేను ముక్కలు కాదని చెప్పాను. ఇరుగు పొరుగుకి ఆవిడ చెప్పింది. ముక్కలవుతుందని నేను చెప్పలేను. నువ్వు చెప్పు."

దారిలో ఎదురుపడ్డవాళ్ళు పెద్దన్నకి శుభాకాంక్షలు చెప్తున్నారు, అతను చెయ్యెత్తుతున్నాడు. శేషం రెండడుగులు వెనక నడిచాడు.

వదిన తలుపు తీసింది. భర్త చేతిలో జ్ఞాపిక చూసి ముఖం విప్పారింది. "వచ్చారా! శేషం కూడానా, రా నాయనా, కూచో. నీ అంకె గురించి పక్కింటావిడ ఇందాకే మళ్ళీ అడిగి వెళ్ళింది."

పెద్దన్న లోపలికెళ్ళి కుర్చీలో కూచొని బూట్ల ముడి విప్పుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"నిలబడే చెప్తాను వదినా," అన్నాడు శేషం. చెప్పాడు. బస్సులో చెప్పినదానికంటే ఇది కష్టమైంది. అక్కడ నవ్వు ఉంది, దాని చాటున దాక్కోవచ్చు. ఇక్కడ ఆవిడ నవ్వలేదు.

"మరి ఆ రోజు మీ ఇంటి నుంచి వచ్చి ఈయన నాకు ఆ కాగితమంతా చూపించారే. ఏడు, పదకొండు అంటూ. అదీ అబద్ధమేనా?"

"అందులో ఉన్నవన్నీ నిజమే వదినా. తర్వాత ఒకటి ఉందని తెలిసీ నేను అక్కడ ఆపేశాను."

"ఈయన ముందే?"

"పెద్దన్న ముందే."

ఆవిడ అతన్ని చాలాసేపు చూసింది. తర్వాత భర్త వైపు తిరిగింది. పెద్దన్న జేబులోంచి మడతల కాగితం తీసి, దాని వెనకవైపు ఖాళీగా ఉన్న చోట చేత్తో సాపు చేస్తున్నాడు.

"కొత్త అంకె మొదట్నుంచీ చెప్పమను," అన్నాడు, శేషంతో కాదు, ఆవిడతో. "రెండు దగ్గర్నించి. ఒక్కటీ వదలొద్దను. ప్రతిదీ నేనే చూసుకుంటాను."

"నూట అరవై ఎనిమిది పెద్దన్నా. ఒక్క పూటలో తెమలదు."

"రేపణ్ణించి నాకు డ్యూటీ లేదు. రోజూ రమ్మను."

వదిన టీ పెట్టలేదు. కుర్చీ మాత్రం ఒకటి బల్ల దగ్గరికి జరిపింది. శేషం కూచున్నాడు.

"పది లక్షల మూడు. రెండుతో భాగిస్తే..." అతని గొంతు అతనికే పరాయిగా వినిపించింది. "ఒకటి మిగులుతుంది."

చివర మూడున్న సంఖ్యని రెండుతో భాగిస్తే ఒకటి మిగులుతుందని చెప్పడానికి చదువు కూడా అక్కర్లేదు. పెద్దన్న పెన్సిలు పిడికిలితో పట్టుకొని, పది లక్షల మూడు అని రాసి, మొదటి అంకె నుంచి చివరి అంకె దాకా తనే భాగించి చూసుకున్నాడు. అప్పుడు గాని తల ఊపలేదు.